మొలలేనన్న మాట

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. పొద్దున నీ ఫొటోకు దండ వేసి, బేగంబజార్‌లోని మన బిందెల దుకాణం తెరవకుండా ఆసుపత్రికి వెళ్లాను. పగులుందేమోనని ప్రతి బిందెనూ వేలితో కొట్టి, విన్నాకే అమ్మేవాడివి. ఇప్పుడు నన్నూ అలాగే పరీక్షించారు. నిన్ను తీసుకుపోయిన పెద్దపేగు క్యాన్సర్‌నే తరతరాలకూ దించే లోపం నా రక్తంలో ఉందట, నీ నుంచే వచ్చి ఉంటుందట. ఇక ఏటా పేగులోకి కెమెరా పెట్టి చూడాలి. మన రక్తసంబంధీకులందరూ పరీక్ష చేయించుకోవాలన్నారు.

డాక్టరమ్మ మన వంశవృక్షం గీస్తూ తాత దేనితో పోయాడని అడిగింది. మనింట్లో చెప్పుకునే మాటే చెప్పాను, మొలలని. ఆమె ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టింది.

ఇంటికొస్తూ ఆటోలోంచి నీ చెల్లెలు సుశీలత్తకు ఫోన్ చేశాను.

"నీ బాపుకు గూడ మొలలనే రాయించు బిడ్డా. క్యాన్సర్ ఖాన్‌దాన్ అని తెలిస్తే మా పిల్లకు వచ్చిన సంబంధం ఎనక్కి పోతది. పరీక్షలు గిరీక్షలు మాకొద్దు. ఎవ్వరికీ చెప్పనని బాపు మీద ఒట్టెయ్యి."

వేశాను.

అప్పుడు అత్త గొంతు తగ్గించింది. "నాకు గూడ నాల్గు నెలల సంది రక్తం పడుతుందిరా. గవి మొలలే గదా?"

నువ్వూ దుకాణంలో ఇలాగే గొంతు తగ్గించి అడిగావు. "మొలలే బాపూ, ఫికర్ జెయ్యకు" అన్నది నేనే.

ఈసారి ఆ మాట నా నోట రాలేదు. పరీక్షలే వద్దన్న మనిషిని పరీక్షకు రమ్మని కూడా అనలేకపోయాను. నువ్వు బిందెను విన్నట్టే అత్త నన్ను విని, ఫోన్ పెట్టేసింది.