ముప్పై గ్రాముల పీచు

బావమరిదికి ఆశీస్సులు.

మలబద్ధకానికి మందు రాయమంటే, రోజుకి ముప్పై గ్రాముల పీచు తినమని ఒక్క ముక్క రాసి పడేశావు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. ఇత్తడి త్రాసు దించి, సరిగ్గా ముప్పై గ్రాముల క్యారెట్టు తూచుకు తింటున్నాను. మరేమీ ముట్టడం లేదు. పన్నెండు రోజులైంది. లోపలికి వెళ్ళేదే లేనప్పుడు బయటికి వచ్చేదేముంటుంది? గ్రంథాలయంలో వైద్యం పుస్తకాలన్నీ చదివాను. వాటిని రాసినవాళ్ళంతా చచ్చే పోయారు.

నీ బావ

తా.క. మీ అక్క పోయేముందు కూడా నువ్వు ఉత్తరాలే రాశావు.

బావగారికి నమస్కారాలు.

కొంప ముంచారు! ముప్పై గ్రాములన్నది పీచు బరువు, కూర బరువు కాదు. వంద గ్రాముల క్యారెట్టులో పీచు మూడు గ్రాములకి మించదు. ఉడికిన చిక్కుడు గింజల్లో ఏడెనిమిది ఉంటుంది. గింజలు, పండ్లు, కూరలు అన్నీ కలిపి తినండి. మామూలు భోజనం మానకండి.

మీ బావమరిది

తా.క. మీ పెళ్ళయిన మూడో నెలలోనే, అరకిలో తక్కువ చూపిస్తోందని మా ఆస్పత్రి తూకం యంత్రానికి సీలు వేసి పోయారు. పేషెంట్లు మాత్రం దాన్ని చూసి సంతోషంగా ఉండేవారు.

బావమరిదికి,

ముప్పై రావాలంటే నాలుగు వందల గ్రాముల గింజలు. లెక్క నీదే. ఒక్క పూటలో లాగించాను. మూడు రోజులుగా కడుపు డోలులా ఉంది. పక్కవాటా టైలరు మొదటిరోజు వచ్చి, "ఏవండీ, బల్లలు జరుపుతున్నారా?" అని అడిగాడు. రెండోరోజు అడక్కుండా కిటికీలు మూసుకున్నాడు. నువ్వు బస్సెక్కితే మూడు గంటలు. వచ్చి చూడు.

బావ

తా.క. మా శాఖలో దొంగ తూకం వేసినవాడు కూడా పిలిస్తే వచ్చి నిలబడేవాడు.

బావగారికి నమస్కారాలు.

ఒక్కరోజులో కాదండీ, కొన్ని వారాల మీద నెమ్మదిగా పెంచాలి. నీళ్ళు బాగా తాగాలి. వాంతులయితే వెంటనే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. నాకు రావడం కుదరదు.

మీ బావమరిది

తా.క. గింజలు మెత్తగా ఉడికాయా, పంటికింద పలుకు తగిలిందా? ఉప్పు ఎంత వేశారు? వివరంగా రాయండి.

డాక్టరుగారికి,

నేను చస్తానంటే ఉప్పు సరిపోయిందా అంటావా! కడుపు కుదుటపడింది. అది నీళ్ళ గొప్ప, నీది కాదు. మీ అక్క చివరిదాకా గుమ్మంకేసే చూసింది. నీకూ నాకూ ఇక చెల్లు.

ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క. ఉప్పు తక్కువైంది.

బావగారికి,

చెల్లన్నాక కూడా రాస్తున్నాను, తిట్టుకోకండి. రెండు నెలల కిందట నా పేగు సగం కోసేశారు. మిగిలింది మూసుకుపోతోంది. పీచు నాకు విషం. వడగట్టిన గంజి నాలుగు చెంచాలు, అంతే. మంచం దిగలేనివాణ్ణి బస్సేం ఎక్కుతాను? అక్క దగ్గరికి రాకపోవడం నా పిరికితనం. ఒప్పుకుంటున్నాను. ఇది మాత్రం కాదు.

నర్సు మీ ఉత్తరాలు చదివి వినిపిస్తుంది. నాలుగు వందల గ్రాముల దగ్గర ఇద్దరం నవ్వాం. నాకు కోత నొప్పి పుట్టింది. ఈ నెల దాటనని కుర్ర డాక్టర్లు అంటున్నారు. వాళ్ళకి వైద్యం నేర్పింది నేనే కాబట్టి తప్పయ్యే అవకాశం లేకపోలేదు.

మీ బావమరిది

తా.క. రాగలిగితే రండి. ఏదైనా కరకరలాడేది తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుని తినండి. నమిలే చప్పుడు విని చాలా రోజులైంది.