సుద్దగీత మీద నాన్న కూతురు

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేము బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఈ మాటలో ఒక సగం మీద నాకు నమ్మకం లేదు. ఏ సగమో చివర్లో చెబుతాను, ఈలోపు కంగారుపడి ఫోన్ చెయ్యకు.

అక్షరాలు ఇంత పెద్దగా, వంకరగా ఉన్నాయేమని అడిగావు. నీ చేత అఆలు దిద్దించిన చెయ్యే ఇది. ఇప్పుడు నేనొకటి తలిస్తే కలం ఇంకొకటి తలుస్తోంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

ఇక నీ రెండో ప్రశ్న. "అక్కా, నువ్వు తాగి బడికి వెళ్తున్నావట, నిజమేనా?" అని రాశావు. అడిగినందుకు కోపం లేదు. తాగుబోతు కూతురు కదా అని లోపల అనుకుని ఉంటావు, దానికి మాత్రం ఒళ్లు మండింది.

కొన్నాళ్లుగా నడుస్తుంటే తూలుతున్నాను. మెట్ల దగ్గర గోడ పట్టుకుంటున్నాను. ఒకరోజు హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. "దీని మీద నడవండి టీచర్ గారూ, లోకం నోరు మూయిద్దాం" అన్నారు. నాలుగడుగులు వెయ్యకుండానే కుర్చీ మీద పడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్లాను. మర్నాడు స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక తిన్నగా తొమ్మిదో తరగతికి పోయాను. పాఠం మెదడే. ప్లాస్టిక్ మెదడు ముక్కలు విప్పి చూపించాను. "ఇది మస్తిష్కం. ఆలోచన, మాట, జ్ఞాపకం దీని పని. ఈ తొడిమలాంటిది మజ్జాముఖం, ఊపిరినీ గుండెనీ కనిపెట్టుకుని ఉంటుంది. వెనక కింద ఉన్న ఈ చిన్నది అనుమస్తిష్కం. అడుగు తిన్నగా పడాలన్నా, అక్షరం తిన్నగా పడాలన్నా ఇదే దిక్కు. నాకు ఇక్కడ గడ్డ ఉంది."

నేనే గీత గీసి దాని మీద నడిచాను. పడబోతే ఇద్దరు ఆడపిల్లలు లేచారు. "కూర్చోండి, పాఠం అవలేదు" అన్నాను. గుమ్మంలో హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు. "సందేహాలుంటే చెయ్యెత్తండి సార్" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. "మీ ఇంట్లో ఇలా తూలినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ రకం గడ్డ కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకి వస్తుంది" అని డాక్టరమ్మ అడిగింది. నాకు నవ్వొచ్చింది. మన నాన్న తూలడం చూడనిదెవరు? ఆ నవ్వు నోట్లో ఉండగానే నాన్న ఆఖరి ఏడాది గుర్తొచ్చింది. తాగుడు మానేశానని నీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. "ఒట్టు తీసి గట్టున పెట్టు నాన్నా" అని నువ్వన్నావు. అందరం నవ్వాం. అమ్మ తలుపు గొళ్లెం పెట్టింది, ఆయన వరండాలో పడుకున్నాడు. ఆ ఏడాది ఆయన దగ్గర వాసన రాలేదురా. వాసన రాకుండా తాగడం నేర్చాడని అమ్మ అంటే నమ్మేశాం.

అది గడ్డో కాదో ఇప్పుడు తేల్చలేమంది డాక్టరమ్మ. ఆవిడ తేల్చకపోతే నేను తేలుస్తాను. ఆ ఏడాది నాన్న తాగలేదు. కాదన్నవాడెవడో నా ఎదుటికొచ్చి అనమను. ఈ మాట అమ్మకీ చెప్పాను. అమ్మ లేచి వెళ్లి వరండా తలుపు గొళ్లెం తీసి వచ్చింది.

ఉద్యోగం మానేసి మీ ఇంటికి వచ్చెయ్యమన్నావు. రాను. సోమవారం ఆపరేషన్. లేచాక ఆ తరగతికి మిగతా పాఠం చెప్పాలి. గీత తుడవొద్దని పిల్లలకి చెప్పి వచ్చాను.

నేను బాగానే ఉన్నాను, నాకేమైందో నాకు తెలుసు. నమ్మకం లేని సగం నీది. వెంటనే తలకి స్కాన్ తీయించుకో. "నాకేం లేదక్కా, ఒట్టు" అంటావు. నమ్ముతాను. మనింట్లో ఇకమీద ఒట్టు వేసినవాళ్లని నమ్ముతాం. అయినా స్కాన్ తీయించుకో.

ఇట్లు,
నాన్న కూతురు,
నీ అక్క