వ్యాన్ ఖాళీ చేశాక

నోర్డెన్, నవంబరు 9, శనివారం

గెరిట్ అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. నా ఒళ్లు మండిపోతోంది, ముందు అది విను. సోమవారం మా మెకానిక్ షెడ్డు పెద్ద మైస్టర్ ఫ్రెరిక్స్ బల్ల మీద రాజీనామా పడేసి వచ్చేస్తాను. రెండున్నరేళ్ల శిక్షణ బూడిదలో పోసిన పన్నీరైనా సరే.

మన వీధి చివర హాబెన్ గారి నారింజరంగు క్యాంపర్ వ్యాన్ ఉంది చూడు, నలభై ఏళ్ల బండి. ఇన్నాళ్లూ దాన్ని పెట్టిన కొట్టం కూలగొట్టారు. ఇప్పుడు దొరికింది ఓ పొట్టి కాంక్రీటు గ్యారేజీ. గుమ్మం ఎత్తు మీటరూ తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. వచ్చేవారం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలెడతారు. బయట నిలబెడితే ఆ బండి అడుగు రేకు తుప్పు పట్టి ఈ చలికాలం దాటదు. గురువారం కొలిచింది నేను. గుమ్మం రెండుసార్లు, బండి మూడుసార్లు. బండి మీటరూ తొంభై ఆరు. "పడుతుంది" అన్నాను. ఇవాళ తోలిందీ నేనే. ముక్కు దూరింది, ఆ తర్వాత పైకప్పు దూలానికి పట్టేసింది. ఆ చప్పుడు ఇంకా నా పళ్లలో ఉంది. మూరెడు పొడవున రంగు లేచిపోయింది.

"టేపు తలకిందులుగా పట్టుకున్నావా పిల్లా?" అని పక్క గ్యారేజీ ముసలాయన పకపకా నవ్వాడు. మైస్టర్ నన్ను వెనకేసుకొస్తాడనుకున్నా. ఆయన టోపీ తీసి, "కొలత తప్పిందమ్మా, తప్పు మాదే" అన్నాడు హాబెన్ గారితో. తప్పిందా? నా కొలతా? నీకెప్పుడూ చెప్పలేదు గానీ, బడి సర్టిఫికెట్ లేదని రెండు షెడ్ల వాళ్లు నన్ను గుమ్మంలోంచే పంపేశారు. ఈయనొక్కడే "చేతులు చూపించు" అని, నా మసి గోళ్లు చూసి పనిలో పెట్టుకున్నాడు. అలాంటి మనిషే నమ్మకపోతే ఇక అక్కడ నాకేం పని?

కోపంతో,
నీ టోమ్కే


నోర్డెన్, నవంబరు 12, మంగళవారం

అన్నయ్యా,

మొన్నటి ఉత్తరం నాన్నకి చూపించకు.

నిన్న కాగితం పట్టుకునే వెళ్లాను. ఇచ్చేముందు నా కొలత నిజమని ఆయన మొహాన కొడదామని టేపు తీశాను. షెడ్డు ముందు నిలబెట్టిన బండి మీటరూ తొంభై తొమ్మిది! మళ్లీ కొలిచాను, అంతే. "టైర్లు ఎవరు మార్చారు?" అని అరిచాను. మైస్టర్ టీ కప్పు కింద పెట్టి, "ఎవరూ మార్చలేదు. ఎక్కి కూర్చో" అన్నాడు. నాతోపాటు ఇంకో ఇద్దర్ని ఎక్కించి తనే టేపు పట్టాడు. "రెండు సెంటీమీటర్లు దిగింది" అన్నాడు.

గురువారం కొలిచాక, చలికాలానికి బండంతా ఖాళీ చెయ్యమని, బరువు తగ్గితే సులువుగా దూరుతుందని హాబెన్ గారికి చెప్పింది నేనే. పాపం ఆవిడ మంచం, బీరువా, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ తీసేసింది. బరువు పోయింది, స్ప్రింగులు పైకి లేచాయి.

"మీకెప్పుడు తెలిసింది?"

"గీసుకున్నప్పుడే."

"అక్కడే చెప్పొచ్చుగా!"

"అంతమంది ముందా? వెళ్లి నువ్వే చెప్పు. నేను చెబితే అది చాడీ అవుతుంది."

సాయంత్రం హాబెన్ గారింటికి వెళ్లాను. "తప్పు షెడ్డుది కాదండీ, నాది" అన్నాను. ఆవిడ నా కప్పులో పటికబెల్లం ముక్క వేసి వేడి టీ పోసింది. అది చిటపటమని పగిలేదాకా నా మొహమే చూసింది.

"ఆ మంచం నేనొక్కదాన్నే దించాను. నడుం పట్టేసింది, తెలుసా?"

"తెలీదండీ."

"ఇప్పుడు తెలిసిందిగా. తాగు."

ఇవాళ పాతిక కిలోల ఇసక మూటలు పది మోసి వ్యాన్‌లో పేర్చాను. మైస్టర్ దూలం కింద టార్చి పట్టుకుని నించున్నాడు. "రా... రా... ఆగు! గట్టిగా ఊపిరి కూడా పీల్చకు." ఒక్క వేలు పట్టేంత సందు. నా చెమట కళ్లలోకి దిగింది, తుడుచుకోలేదు. బండి లోపలికి వెళ్లింది.

మళ్లీ బయటికి రావాలన్నా అదే బరువు కావాలి. అందుకని మూటలు లోపలే ఉంచేశాం. "ఏప్రిల్‌లో ఇవన్నీ ఎవరు దించుతారు?" అంది హాబెన్ గారు. మైస్టర్ నావైపు చూశాడు.

"నేనే" అన్నాను.

నీ చెల్లి,
టోమ్కే