బొగ్గు బస్సు కట్టిన మనిషి

పుంగనూరు, ఆగస్టు 1943, శుక్రవారం

ఈ రోజు మా ఆయన్ని మదనపల్లె ఆసుపత్రిలో చేర్చి వచ్చాను. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయని డాక్టరు చెప్పారు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క బస్సులు ఆగిపోతే, బస్సు వెనక పొయ్యి కట్టి బొగ్గుపొగతో ఇంజను నడపాలని రెండేళ్లు ఆ పొగలోనే కూర్చున్నారు. అందరూ నవ్వారు. ఇప్పుడు కుప్పం దాకా ఆ బస్సులే తిరుగుతున్నాయి.

"ఇంక ఆ పొయ్యి జోలికి పోవద్దు," అన్నాను.

"యాల పోగూడదు? బండి ఎత్తు ఎక్కలేక మొరాయిస్తాండాది. సరిచెయ్యాల," అని దగ్గారు.

తిరుగు బస్సులో నా పక్కన ఒక నిండు గర్భిణి కూర్చుంది.

"ఈ బస్సు ఉండబట్టే కాన్పుకు అమ్మ దగ్గరికి పోతాండానక్కా. దీన్ని కట్టినాయన సల్లగుండాల," అంది.

మా ఆయనేనని నోటిదాకా వచ్చింది. చెబితే, ఎలా ఉన్నారని అడుగుతుంది కదా. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.