జడ్జిగారి మరణం, అల్లం కేకు నేరం

శ్రీయుత మత్స్య పర్యవేక్షణాధికారి వారి సముఖమునకు,
వైకారో లోయ, న్యూజిలాండ్ దక్షిణ దీవి.

అయ్యా,

విషయం: నా గాలం కర్ర తిరిగి ఇప్పించుట, ట్రౌట్ చేపను అమ్ముకొంటినని నాపై పెట్టిన కేసు రద్దు చేయుట, మరియు తమరి నిర్వాకం వలన పక్కింటి నోలీన్ నాతో మాట మానివేయుట గురించి.

వంతెన పక్క ఇంటి కాపురస్థుడు ఎవర్ట్ టల్లక్ విన్నవించుకొనునది ఏమనగా, విన్నవించుకోవడం నాకు అలవాటు లేదు. అర్జీ ఇలాగే ఉండాలని తమరి గుమస్తా పట్టుబట్టాడు కనుక రాస్తున్నాను.

1. సదరు చేపను నేను చట్టప్రకారమే పట్టితిని. లైసెన్సు ఉన్నది. రోజుకు ఒక చేప ఇంటికి తీసుకుపోవచ్చునని వంతెన దగ్గర తమరు పాతించిన బోర్డే చెబుతోంది. పొద్దున్నే ఒడ్డు వెంట ఎగువకు నడిచాను. విల్లో చెట్టు వేళ్ల కింద దాని నీడ కదలడం చూశాను. ఇలకోడి పురుగులా కనిపించేట్టు ఈకలతో కట్టిన గాలాన్ని దాని ముక్కు ముందు వాలేలా విసిరాను, అది నమ్మింది. పది పౌండ్ల పైమాట. ఈ నదికి అలాంటి చేపల వల్లే పేరు.

2. ఆ చేపకొక పేరుండటమే నా ప్రాణం మీదికి తెచ్చింది. చేపల వేటకొచ్చే వాళ్లకి లాడ్జి నడిపే డార్సీ దాన్ని 'జడ్జిగారు' అంటాడు. హెలికాప్టర్‌లో దింపిన ప్రతి డబ్బున్నవాడి చేతా దాన్నే పట్టించి, ఫొటో తీయించి, మళ్లీ నీళ్లలో వదిలిస్తాడు. సీజనంతా ఒకే చేపను అద్దెకు తిప్పుతున్నాడు. నా చేతికి వచ్చేసరికి దాని దవడ చిరిగిన జేబులా ఉంది. దాన్ని ఒక్క దెబ్బతో చంపి తినడం క్రూరత్వమట, వారం వారం నోట్లో ముల్లు గుచ్చడం దయట. డార్సీ నా గుమ్మం ముందుకొచ్చి, "ముసలోడా! నువ్వు తిన్నది చేప కాదు, నా వ్యాపారం!" అని అరిచాడు.

"అందుకేనా అంత చప్పగా ఉంది?" అన్నాను.

ఆ మంటతోనే తమరికి ఫిర్యాదు చేశాడు. తమరు ఆయనగారి హెలికాప్టర్‌లోనే వచ్చారు.

3. చేప మీద తమరికి తప్పు దొరకలేదు. అప్పుడు నా బల్ల మీది అల్లం కేకు కంటపడింది. తమరు మరిచి ఉంటారేమో, జరిగిన మాటలివి:

"ఈ కేకు ఎక్కడిది పెద్దాయనా?"

"నోలీన్ ఇచ్చింది. చేపలో సగం పొగ మీద కాల్చి ఆవిడకి పంపాను లెండి."

"చేప పంపారు, కేకు వచ్చింది. అంతేనా?"

"పళ్లెం వచ్చింది. పళ్లెం ఖాళీగా ఎవరు పంపుతారండీ? మీ ఇంట్లో పంపుతారా?"

"మా ఇంటి సంగతి వదిలెయ్యండి. దీన్ని మార్పిడి అంటారు."

మన దేశంలో ట్రౌట్‌ను అమ్మినా, దానికి బదులు ఏం పుచ్చుకున్నా నేరమే. ఆ సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లలకీ తెలుసు. కానీ పొరుగింటి పళ్లెంలో ఏదో ఒకటి పెట్టి పంపడాన్ని వ్యాపారం అన్నవాణ్ణి నా జన్మలో తమరినే చూశాను. పైగా తమరు ఆ కేకులో ఒక ముక్క తిన్నారు. సాక్ష్యం రుచి చూసి మరీ నా గాలం కర్ర పట్టుకుపోయారు.

4. నోలీన్ గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకు వండిపెట్టి బతికిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. మా మధ్య కంచె ఉంది. దాని మీద నేను చేప పళ్లెం పెడతాను, ఆవిడ అదే పళ్లెంలో ఏదో ఒకటి వేసి తిరిగి పెడుతుంది. "ఇదిగో ఎవర్ట్, బతికే ఉన్నావా?" అని కేకేస్తుంది. ఆ కేక వినపడితే నాకు తెల్లారినట్టు. తమరు ఆవిడను 'కొనుగోలుదారు'గా రాసి నోటీసు ఇచ్చారు. దానికి ఆవిడ నవ్విందట.

5. ఆవిడ నవ్వనిది ఇదిగో, దీనికి. "ఆవిడతో మీకు ఏ సంబంధమూ లేదని రాసివ్వండి, మీకే మంచిది" అని తమరు నాకు నచ్చజెప్పారు. కేసు తేలికవుతుందన్న ఆశతో, "సదరు నోలీన్ నాకేమీ కాదు" అన్న వాంగ్మూలం కింద సంతకం పెట్టాను. తమరు దాన్ని తీసుకుపోయి ఆవిడ గుమ్మంలో నిలబడి గట్టిగా చదివారు. ఆ రోజు నుంచి ఆవిడ వంటింటి కిటికీకి తెర వేసే ఉంది. కేక లేదు. నేను రెండుసార్లు కంచె దగ్గరకు వెళ్లి దగ్గి వచ్చాను. నాకు ఏమీ తోచడం లేదండీ. తిండి సహించడం లేదు. ఇది ఏ సెక్షన్ కిందికి వస్తుందో తమరే చెప్పాలి.

కావున తమరు దయయుంచి, దయ లేనిచో కనీసం సిగ్గుయుంచి, నా గాలం కర్రను తిరిగి ఇప్పించి, కేసు రద్దు చేసి, నోలీన్ వద్దకు స్వయంగా వెళ్లి తప్పు తమరిదని చెప్పవలెనని ప్రార్థన. ఈ అర్జీని డార్సీకి చూపించక ముందే చిత్తగించవలెను.

తమకు విధేయుడుగా ఉండుట ఇక సాధ్యపడని,
ఎవర్ట్ టల్లక్

తా.క. కవరు అంటిస్తుండగా నోలీన్ గేటు తోసుకుని నేరుగా ఇంట్లోకి వచ్చింది. "ఏం రాసి ఏడ్చావో ఇటివ్వు" అని లాక్కుని, నిలబడే అంతా చదివింది.

"కోర్టులో నేను అబద్ధం చెప్పను. ఆ కేకు చేపకి బదులే, ఊరికే ఇచ్చింది కాదు! ఇన్నేళ్లుగా ఎందుకు చేస్తున్నాననుకున్నావురా, పని లేకనా? పళ్లెం ఇవ్వడానికైనా మా ఇంట్లోకొచ్చి కూర్చుంటావని. నువ్వేమో కంచె మీద పెట్టి పారిపోతావు. ఆఖరికి నేను నీకేమీ కానని సంతకం కూడా పెట్టావు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకా కూర్చునే ఉంది.

కనుక పైన కోరినవన్నీ ఉపసంహరించుకుంటున్నాను. నేరం ఒప్పుకుంటాను. కర్ర తమరే ఉంచుకోండి, జరిమానా వేసుకోండి. వాంగ్మూలంలో ఆ ఒక్క వాక్యం మాత్రం కొట్టివేయవలెను. దాని బదులు ఏం రాయాలో ఆవిడ చెబుతానంటోంది, వేరే కాగితం మీద పంపుతాను.