లచ్చన్న గుట్ట

2009 మార్చి 4, బుధవారం

అల్ ఖౌద్ ఊరు దాటాక ఎడారిలో రోడ్డు సర్వే. మధ్యాహ్నం జీపు నీడలో అన్నం. మా సర్వే ఇంజనీర్ గొంజాలో సార్‌ను అడిగాను, మీ ఊరి పేరుకు అర్థమేంటని. మాంటెవీడియో. ఉరుగ్వే రాజధాని. వాళ్ళ స్పానిష్‌లో 'మాంటె' అంటే గుట్టట. ఓడ మీద నుంచి ఎవడో మొదట చూసి "గుట్ట కనిపించింది!" అని అరిచాడట. అదే పేరైందట.

ఎవరు సార్ ఆ అరిచింది?

"మాలూమ్ నహీ." తెలియదట. సార్‌కు వచ్చిన హిందీ అంతే, మిగతాదంతా ఇంగ్లీషే.

మాతో కొలత కర్ర పట్టే లచ్చన్న పగలబడి నవ్వాడు. "గట్లైతే నేను గూడ ఒర్లిన గదరా!"

నిజమే. ఆ మధ్య దుమ్ములో దారి తప్పితే ముందుగా గుట్టను చూసి అరిచింది లచ్చన్నే. అప్పటి నుంచి డ్రైవర్లకు, మాకు, అందరికీ అది లచ్చన్న గుట్ట.

మార్చి 7, శనివారం

లచ్చన్నకు కంపెనీ కాగితం ఇచ్చింది. పని తగ్గిందట. నెలాఖరుకు ఇంటికి. పదకొండేళ్ళు ఎండలో కొలత కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి... కర్ర పట్టుకున్నవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఒళ్ళు మండుతోంది.

మార్చి 10, మంగళవారం

అడిగేశాను. డ్రాయింగ్‌లో ఆ గుట్టకు లచ్చన్న పేరు రాయమని. సార్ నవ్వలేదు. అక్కడ నంబరే ఉంటుందట — ఆరు. మాంటెవీడియోకూ ఇంకో కథ ఉందన్నాడు. తూర్పు నుంచి పడమరకు లెక్కపెడితే ఆరో గుట్ట అని పటం గీసినవాళ్ళు పొడి అక్షరాల్లో 'మాంటె VI D.E.O.' అని రాసుకున్నారట. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదట.

మీకేది ఇష్టం సార్?

అరిచినవాడి కథే, అన్నాడు. పెన్సిల్‌తో 6 పక్కన పేరు రాశాడు. ఆఫీసువాళ్ళు ఉంచుతారో లేదో.

మార్చి 11

లచ్చన్నకు చెప్పాను. "నీకేమన్న పిచ్చా? గుట్టకు నా పేరేందిరా!" తిట్టాడు. డ్యూటీ అయ్యేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

మార్చి 29, ఆదివారం

వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గరా అదే మాట — "గా కాగితం మీద నా పేరు ఉన్నదా?" ఉందన్నాను. నేను చూడలేదు.

ఏప్రిల్ 5

ఆఫీసు నుంచి డ్రాయింగ్ వచ్చింది. గుట్ట నంబర్ 6. అంతే.

ఏప్రిల్ 8, బుధవారం

కొత్త బెంగాలీ డ్రైవర్. వచ్చి మూడు రోజులే. పొద్దున జీపెక్కగానే ఎక్కడికన్నాను. "లచ్చన్న గుట్టా," అన్నాడు తడుముకోకుండా. ఎవరు చెప్పారంటే, "సబ్ బోల్తే హై." అందరూ అలాగే అంటారట.

కొంత దూరం పోయాక అతనే అడిగాడు. "లచ్చన్న కౌన్ హై, భాయ్?"

ఆ గుట్టను మొదట చూసి అరిచినవాడని చెప్పాను.

లచ్చన్నవి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఫోన్ చెయ్యాలి. కాగితం సంగతి ముందు చెప్పనా, డ్రైవర్ సంగతా...