కోయ మాటల్లో పాఠం

ముత్తమ్మా,

నువ్వు పోయి పద్దెనిమిదేండ్లయింది. ఇయ్యాల మన బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. నువ్వు సంకనేసుకొని బడికి తెచ్చిన నీ చెల్లె సమ్మక్కే.

నేను ఖమ్మం నుంచి మీ కోయగూడేనికి వచ్చిన కొత్తల, నా తెలుగు పిల్లలకు అర్థం కాకపోయేది. మూడో తరగతి చదివే నువ్వే నా పక్కన నిలబడి, ప్రతి మాటా కోయ భాషల చెప్పేదానివి. బడి నడిచిందంటే నీ వల్లనే.

ఆ వానకాలం నీకు జ్వరమొచ్చింది. మీ నాయన, నేను నిన్ను మంచం మీద వాగు దాకా మోసుకొచ్చినం. వరద తగ్గుతదని రెండు రోజులు చూసినం, తగ్గలే. భద్రాచలం దవాఖానా చేరకముందే ఆ వాగొడ్డునే పోయినవ్.

ఇయ్యాల సమ్మక్క కోయలనే పాఠం మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్లలు భయం లేకుండ జవాబులు చెప్పిండ్రు. మీ అమ్మ పొద్దటి నుంచి వరండాల కూసొని విన్నది. అన్నం గంటకు నన్ను అడిగింది: "పెద్దది ఉంటే గిట్లనే చెప్పేదా, సారూ?"

"చెప్పేదమ్మా. నాకంటే మంచిగ చెప్పేది" అన్న.

ఆమె ఇంటికి పోలే. సాయంత్రం బడి విడిచేదాక అక్కడనే కూసొని విన్నది.

మీ సారు